వాల్తేరు సగట్లు

1952లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ఒక సన్నపాటి గణిత పుస్తకం అచ్చువేసింది. పేరు ‘టిపికల్ మీన్స్’. రాసినవాళ్లు ఇద్దరు. ఒకరు మచిలీపట్నంలో పుట్టిన కొమరవోలు చంద్రశేఖరన్. రెండోవారు త్రిచూరులో పుట్టి, మద్రాసులో చదివి, విశాఖపట్నంలోని వాల్తేరు చేరి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పాఠాలు చెప్పిన సుబ్బరామయ్య మీనాక్షిసుందరం. మన దగ్గర గణితం అనగానే జనం సి.ఆర్. రావు పేరు చెబుతారు. చెప్పవలసిందే, ఆయన కూడా వాల్తేరులో ఎం.ఏ. చదివిన మనిషే. అయితే అదే వాల్తేరులో, అవే దశాబ్దాల్లో, ఇంకో పని కూడా నడిచింది. ఒక దరికి చేరని లెక్కలకు సగటు కట్టే పని. దాని గురించి తెలుగులో ఎవరూ పెద్దగా రాయలేదు.

ఈ పని పాతది. 1703లో ఇటలీలో గైడో గ్రాండీ అనే క్రైస్తవ సన్యాసి ఒక చిక్కు ముందు పెట్టాడు. ఒకటిలోంచి ఒకటి తీసి, మళ్లీ ఒకటి కలిపి, మళ్లీ ఒకటి తీస్తూ అంతులేకుండా పోతే చివరికి మిగిలేదెంత? దారిలో ఎక్కడ ఆగి చూసినా 1 గానీ 0 గానీ కనిపిస్తుంది: 1, 0, 1, 0... లైబ్నిజ్, ఆయిలర్ వంటి మహామహులు సగం అన్నారు. ఎందుకు సగమో చెప్పడానికి ఎవరి వాదం వారిది. 1890లో ఎర్నెస్టో చెసారో దాన్ని ఒక పద్ధతిలో పెట్టాడు. ఆగిన చోటల్లా కనిపించిన అంకెల సగటు తీసుకోండి అన్నాడు. మొదటి పదింటి సగటు 5/10. పదకొండింటిది 6/11. వెయ్యిన్నొక్కటింటిది 501/1001. అంకెలు గంతులేస్తూనే ఉంటాయి గానీ, సగటు మాత్రం నెమ్మదిగా సగం దగ్గర కుదురుకుంటుంది.

అన్నిసార్లూ ఇంత సులువుగా కుదరదు. ఒక 1, తర్వాత రెండు 0లు, తర్వాత నాలుగు 1లు, ఎనిమిది 0లు, పదహారు 1లు... ఇలా ప్రతిసారీ రెట్టింపు చేసుకుంటూ పోతే? 31 అంకెల దగ్గర ఆగి చూస్తే 1లు ఇరవై ఒకటి, సగటు మూడింట రెండు వంతుల పైచిలుకు. ఆ వెంటనే వచ్చే 32 సున్నాలు దాటి 63 దగ్గర ఆగితే అవే ఇరవై ఒకటి, సగటు సరిగ్గా మూడో వంతు. ఇలా ఎంత దూరం పోయినా ఈ రెంటి మధ్యా ఊగుతూనే ఉంటుంది. చెసారో పద్ధతి ఇక్కడ చేతులెత్తేస్తుంది.

సగటు అంటే అసలు ఏం కోరుకుంటున్నాం అనేది ఇక్కడ తేల్చుకోవాలి. కోనసీమలో గౌతమి ఒడ్డున, ఆత్రేయపురం మండలంలో ఉన్న వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాల మొక్కు ఉంది. భక్తులు ఏడు శనివారాలు వచ్చి, వచ్చినప్పుడల్లా ఏడు ప్రదక్షిణలు చేస్తారు. కిక్కిరిసిన శనివారానికి 1, పలచగా ఉన్న శనివారానికి 0 వేసుకుంటూ అంతులేని పట్టీ ఒకటి రాశారనుకుందాం. ఆ గుడి రద్దీకి సగటు కట్టాలంటే మూడు షరతులు చాలు. అన్ని శనివారాలూ కిక్కిరిసే ఉంటే సగటు 1 రావాలి. పట్టీలో రుణసంఖ్య లేనప్పుడు సగటు రుణం కాకూడదు. మూడోదే అసలైనది: ఈ వారం మొక్కు మొదలుపెట్టినవాడు కట్టినా, వచ్చే వారం మొదలుపెట్టినవాడు కట్టినా ఒకే సగటు రావాలి. లెక్క ఎక్కడ మొదలైందన్నది జవాబును మార్చకూడదు.

ఈ మూడు షరతులకూ, వీటితోపాటు రెండు పట్టీలు కలిపితే వాటి సగట్లూ కలవాలన్న మామూలు నియమానికీ లోబడే సగటు ఒకటి ఉందని, హద్దు దాటని పట్టీ ఏది ఇచ్చినా అది ఒక విలువ చెబుతుందని స్తెఫాన్ బనాక్ 1932 నాటి తన పుస్తకంలో రుజువు చేశాడు. చిత్రమేమిటంటే ఆ రుజువు ‘ఉంది’ అంటుందే తప్ప ‘ఇదిగో’ అనదు. పైన చెప్పిన రెట్టింపుల పట్టీకి బనాక్ మార్కు సగటు ఒకటి సున్నా చెప్పొచ్చు, ఇంకొకటి ఒకటి చెప్పొచ్చు, మరొకటి మధ్యలో ఏదైనా చెప్పొచ్చు. అన్నీ న్యాయమైనవే. ఇటువంటి సగట్లన్నీ ఒకే మాట మీద నిలిచే పట్టీలు ఏవో 1948లో జార్జ్ లోరెంట్జ్ విడదీసి చూపించాడు.

వాల్తేరు పనివాళ్లకు ‘ఉంది’ అన్న మాట ఒక్కటే చాలేది కాదు. వాళ్లది చేత్తో కట్టి చూపించే సగటు.

వాళ్ల గురుపరంపర మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీది. అక్కడ కె. ఆనందరావు గణితాచార్యులు. కేంబ్రిడ్జిలో రామానుజన్ ఉన్న రోజుల్లోనే తానూ అక్కడ హార్డీ దగ్గర చదువుకుని వచ్చారు. ఆనందరావు చేతి కింద తయారైనవాళ్లలో టి. విజయరాఘవన్, ఎస్.ఎస్. పిళ్లై, మీనాక్షిసుందరం, చంద్రశేఖరన్ ఉన్నారు. దక్షిణాది విశ్వవిద్యాలయాల్లో ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో గణిత పరిశోధన అంటే చాలావరకు ఈ ఒక్క గదిలోంచి బయటికొచ్చిన పనే. మద్రాసు లయోలా కాలేజీలో ఫాదర్ రసీన్ అనే ఫ్రెంచి జెస్యూట్ ఇంకో కిటికీ తెరిచారు. పారిస్‌లో కొత్తగా ఏం రాస్తున్నారో ఆయన ద్వారా ఈ కుర్రాళ్లకు తెలిసేది. మీనాక్షిసుందరం మీద రెండు చోట్ల ప్రభావమూ కనిపిస్తుంది.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో పుట్టింది. మొదట బెజవాడ, తర్వాత వాల్తేరు. అప్పట్లో కోస్తా జిల్లాల కాలేజీలన్నీ దాని కిందివే. వాడపల్లి వంటి ఊళ్ల పిల్లలు రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలోనో కాకినాడ పి.ఆర్. కాలేజీలోనో చదివినా పట్టా మీద పేరు వాల్తేరుదే. తర్వాత చాలాకాలానికి, 2006లో, రాజమండ్రిలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వచ్చి గోదావరి జిల్లాలను తన కిందికి తీసుకుంది. విశ్వకళాపరిషత్తు తొలి దశాబ్దాల్లో మాత్రం గణితంలో పైచదువు అంటే రైలెక్కి వాల్తేరు పోవడమే. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. యుద్ధకాలంలో విశ్వవిద్యాలయం గుంటూరుకు మకాం మార్చింది. ఆ కల్లోలంలోనే మీనాక్షిసుందరం శ్రేణుల మీద పేపర్లు రాస్తూ పోయారు. విజయరాఘవన్ కూడా ఢాకా నుంచి వచ్చి కొంతకాలం వాల్తేరులో ఆచార్యులుగా ఉండి, తర్వాత మద్రాసులో కొత్తగా పెట్టిన రామానుజన్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టరుగా వెళ్లారు.

‘టిపికల్ మీన్స్’ అనేవి మార్సెల్ రీస్ కట్టిన సగట్లు. చెసారో పద్ధతిలో అన్ని మెట్లకూ సమాన బరువు. రీస్ పద్ధతిలో ఆ బరువు మెట్ల మధ్య దూరాన్ని బట్టి మారుతుంది. దూరాలు సమానంగా లేని చోట, ముఖ్యంగా ప్రధాన సంఖ్యల లెక్కల్లో వచ్చే డిరిక్లే శ్రేణుల్లో, ఇది బాగా పనిచేస్తుంది. 1915లో హార్డీ, రీస్ కలిసి కేంబ్రిడ్జి నుంచి దీని మీద ఒక చిన్న పుస్తకం వేశారు. దాని తర్వాత పోగుపడిన పనిని ఒక దగ్గరికి చేర్చినదే 1952 నాటి పుస్తకం. హార్డీ రాసిన ‘డైవర్జెంట్ సిరీస్’ ఆయన పోయాక 1949లో వచ్చింది. సగట్ల మీద ఎవరైనా చదవాలనుకుంటే ఆ రోజుల్లో పక్కపక్కనే పెట్టుకోవలసిన పుస్తకాలు ఇవి.

మీనాక్షిసుందరం పేరు ఈనాటికీ బతికున్నది మాత్రం ఇంకో పని వల్ల. 1946 నుంచి 1948 దాకా ఆయన ప్రిన్స్‌టన్‌లో ఉన్నారు. అక్కడ స్వీడన్ నుంచి వచ్చిన ఓకె ప్లేయెల్‌తో కలిశారు. వంపు తిరిగిన తలం మీద లాప్లాస్ సమీకరణం ఇచ్చే పౌనఃపున్యాలన్నిటినీ ఒక డిరిక్లే శ్రేణిలో పేర్చి, దాని స్వభావాన్ని ఇద్దరూ తేల్చారు. 1949లో కెనడా గణిత పత్రిక మొదటి సంపుటంలో ఆ పేపరు అచ్చయింది. డప్పు మోత విని డప్పు ఆకారం చెప్పగలమా అని 1966లో మార్క్ కాట్స్ అడిగిన ప్రశ్న ప్రసిద్ధం. దాన్ని గంభీరంగా తీసుకున్నవాళ్లందరూ తిరగేయవలసింది ఈ 1949 పేపరునే. 1958లో ఎడిన్‌బరో ప్రపంచ గణిత మహాసభకు ఆయన్ని ఉపన్యాసానికి పిలిచారు. 1968లో, అరవై అయినా నిండకుండానే, పోయారు.

చంద్రశేఖరన్ దారి వేరు. ప్రిన్స్‌టన్‌లో హెర్మన్ వైల్ దగ్గర సహాయకుడిగా పనిచేశారు. సాలమన్ బోక్నర్‌తో కలిసి 1949లో ‘ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్స్’ రాశారు. ఆ ఏడే హోమీ భాభా పిలిస్తే బొంబాయి వచ్చి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో గణిత విభాగాన్ని నిలబెట్టారు. 1965లో జ్యూరిచ్ వెళ్లిపోయారు. 1971 నుంచి 1974 వరకు అంతర్జాతీయ గణిత సమాఖ్యకు అధ్యక్షులు. 2017లో జ్యూరిచ్‌లోనే కన్నుమూశారు. బందరులో పుట్టిన ఒక మనిషి ప్రపంచ గణితజ్ఞులందరికీ అధ్యక్షత వహించాడని మన ఇంటర్ పుస్తకాల్లో ఒక్క వాక్యమైనా ఉండాల్సింది.

సగట్ల పని బనాక్ ఆల్జీబ్రాల్లోకి వచ్చిన దారి కూడా ఈ గదుల పక్క నుంచే పోతుంది. సగటు కుదిరిందంటే అసలు శ్రేణి కుదిరినట్టు కాదు. మరి ఏ షరతు కలిపితే కుదురుతుంది? 1897లో ఆల్ఫ్రెడ్ టాబర్ అటువంటి షరతు ఒకటి చెప్పాడు. ఆ జాతి సిద్ధాంతాలన్నిటికీ ఆయన పేరే పెట్టారు. 1920ల్లో ఆక్స్‌ఫర్డ్‌లో హార్డీ దగ్గర ఉన్న విజయరాఘవన్‌కు పేరు తెచ్చినవి ఇటువంటి సిద్ధాంతాలే. 1932లో నార్బర్ట్ వీనర్ విడివిడిగా ఉన్న ఈ ఫలితాలన్నిటినీ ఒకే సూత్రం కిందికి తెచ్చాడు. అందులో ఒక మెట్టు ఇది: ఎక్కడా సున్నా కాని ప్రమేయానికి ఫోరియర్ శ్రేణి పరమంగా కుదిరితే దాని వ్యుత్క్రమానికీ అలాగే కుదురుతుంది. వీనర్ రుజువు కష్టతరం. మాస్కోలో కుర్రవాడైన గెల్ఫాండ్ 1941లో తన కొత్త యంత్రంతో దాన్ని నాలుగు వాక్యాల్లో తేల్చేశాడు. ఆ యంత్రమే బనాక్ ఆల్జీబ్రా: కూడిక, గుణకారం, పొడవు, మూడూ ఒకదానితో ఒకటి పొసగే చోటు. పుట్టిన రోజునే అది ఒక సగట్ల సమస్యను తీర్చింది.

రెండో దారి పోలండ్ నుంచి వచ్చింది. 1924లో బనాక్, టార్స్కీ ఒక గోళాన్ని కొన్ని ముక్కలు చేసి, ముక్కల్ని తిప్పి పేర్చి, అంతే సైజు గోళాలు రెండు చేయొచ్చని నిరూపించి అందర్నీ బెదరగొట్టారు. తప్పు గోళంలో లేదు, దాన్ని తిప్పే తీరులో ఉందని 1929లో వాన్ న్యూమన్ పట్టుకున్నాడు. కదలికలు కొన్ని చేరి ఒక గ్రూపు అవుతాయి. శనివారాలను వెనక్కీ ముందుకూ జరపడం ఒక గ్రూపు. కొన్ని గ్రూపుల మీద, ఎటు జరిపినా మారని సగటు కట్టొచ్చు. కొన్నిటి మీద కట్టలేం. గోళం దగ్గర జరిగిన గారడీ అంతా రెండో రకం గ్రూపు చేసింది. 1949లో అమెరికాలో మాలన్ డే మొదటి రకానికి ఎమెనబుల్ అని పేరు పెట్టాడు. ఆ పేరే నిలిచింది.

ఎందుకు కట్టలేమో లెక్కతో చూడొచ్చు. వెయ్యి వరస శనివారాలు తీసుకుని ఒక వారం ముందుకు జరిపితే, 999 పాతవే. అంచున మాత్రమే మార్పు. వెయ్యి లక్ష అయితే ఆ మార్పు ఇంకా చిన్నదవుతుంది. ఇలా అంచు తేలికై లోపల బరువు ఉన్న ముక్కలు దొరికితే చాలు, ఆ గ్రూపు ఎమెనబుల్ అని 1955లో డెన్మార్క్‌కు చెందిన ఎర్లింగ్ ఫ్యోల్నర్ తేల్చాడు. ఇక ఇంకో రకం నడక చూడండి. మొదటి అడుగుకు నాలుగు దిక్కులు, తర్వాత ప్రతి అడుగుకూ వచ్చిన దారి వదిలేసి మూడు దిక్కులు, ఏ రెండు దారులూ మళ్లీ కలవవు. ఐదు అడుగుల లోపు చేరగల చోట్లు 485. అందులో సరిగ్గా ఐదో అడుగున ఉన్నవి 324. పది అడుగులకు 1,18,097లో 78,732. ఎంత పెద్ద ముక్క తీసినా మూడింట రెండు వంతులు అంచునే. లోపలి కన్నా అంచే పెద్దది. ఏ ఆకారంలో కోసినా ఇక్కడ తేలిక అంచు దొరకదు, సగటు నిలవదు. దీన్ని రెండు మూలకాల ఫ్రీ గ్రూపు అంటారు. వాన్ న్యూమన్ వేలు పెట్టి చూపింది దీన్నే. ఫ్రీ గ్రూపు లోపల లేకుండానే ఎమెనబుల్ కానివి ఉన్నాయా అన్న ప్రశ్న చాలాకాలం నలిగి, 1980లో ఓల్షాన్‌స్కీ ఉన్నాయని చూపించాక తీరింది.

రెండు దార్లూ కలిసింది 1972లో. ఇంగ్లండ్‌లో న్యూకాజిల్‌లో పనిచేసిన బ్యారీ జాన్సన్ ఆ ఏడు అమెరికన్ మాథమెటికల్ సొసైటీ వారి మెమాయిర్స్‌లో సుమారు వంద పేజీల పని ప్రచురించాడు. గ్రూపు నుంచి తయారయ్యే బనాక్ ఆల్జీబ్రాను ఎల్-1 ఆల్జీబ్రా అంటారు. గ్రూపు ఎమెనబుల్ కావడమన్నది ఆ ఆల్జీబ్రా నడతలోనే అచ్చంగా కనిపిస్తుందని ఆయన చెప్పాడు.

ఎలాగో చూడ్డానికి ఇంటర్ రెండో ఏడు గుర్తు తెచ్చుకుంటే చాలు. రెండు ప్రమేయాల లబ్ధాన్ని అవకలనం చేసే సూత్రం అందరూ బట్టీ పట్టిందే: మొదటిది అలా ఉంచి రెండోదాన్ని, రెండోది అలా ఉంచి మొదటిదాన్ని అవకలనం చేసి కలపాలి. ఆ సూత్రానికి కట్టుబడే ఏ ప్రక్రియనైనా డెరివేషన్ అంటారు. గుణకారంలో వరస మార్చితే విలువ మారే చోట డెరివేషన్లు చవగ్గా దొరుకుతాయి. ఏదో ఒక స్థిరమైన వస్తువు పట్టుకుని, కుడివైపు గుణించిన దాన్నీ ఎడమవైపు గుణించిన దాన్నీ తీసివేస్తే డెరివేషన్ వచ్చేస్తుంది. వీటిని లోపలివి అంటారు. ప్రశ్న ఏమిటంటే, ఒక ఆల్జీబ్రాకు వచ్చే ప్రతి డెరివేషనూ లోపలిదేనా? గుణించే వస్తువులు ఒక తగిన రకం స్పేస్‌లో ఉన్నప్పుడు జవాబు అవును అయితే ఆ ఆల్జీబ్రా ఎమెనబుల్.

దీనికి సగటుతో పనేమిటి? గ్రూపులో ప్రతి మూలకం దగ్గరా డెరివేషన్ ఇచ్చిన విలువను ఆ మూలకపు విలోమంతో కుడివైపు గుణించి పెట్టుకోండి. అలా వచ్చిన వాటన్నిటికీ, ఎటు జరిపినా మారని సగటు కట్టండి. వచ్చేది ఒకే ఒక వస్తువు. డెరివేషన్ మొత్తాన్ని పుట్టించే ఆ స్థిరమైన వస్తువు అదే. రెండు వరసల లెక్క చేస్తే తేలిపోతుంది. సగటు ఉంటే వస్తువు దొరికింది, డెరివేషన్ లోపలిదైంది. జాన్సన్ ఇది ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ నిజమని చూపించాడు. ఇరవై ఏళ్లు తిరక్కుండానే అలన్ కాన్, ఊఫె హాగెరప్ ఆ మాటను సి-స్టార్ అనే రకం బనాక్ ఆల్జీబ్రాల దాకా తీసుకెళ్లారు. అక్కడ ఎమెనబుల్ కావడం, న్యూక్లియర్ అనే ఇంకో లక్షణం ఉండటం ఒకటేనని 1983 నాటికి పూర్తిగా స్థిరపడింది.

ఇంత గట్టి షరతు చాలా ఆల్జీబ్రాలకు పట్టలేదు. సడలించాలని చూశారు. 1987లో బేడ్, కర్టిస్, డేల్స్ వీక్ ఎమెనబిలిటీ అని ఒకటి పెట్టారు. అది మరీ వదులైంది. ఏ గ్రూపు తెచ్చినా దాని ఎల్-1 ఆల్జీబ్రా అందులో పాసైపోతుందని 1991లో జాన్సనే రుజువు చేశాడు. ఫ్రీ గ్రూపును కూడా వదలకుండా పాస్ చేసే పరీక్షతో గ్రూపుల మధ్య తేడా తెలియదు.

అప్పుడు వచ్చింది 2004 నాటి పేపరు. కెనడాలో విన్నిపెగ్ నుంచి ఫెరైదూన్ గహ్రమానీ, ఆస్ట్రేలియాలో కాన్‌బెరా నుంచి రిక్ లాయ్ కలిసి రాశారు. వాళ్లు తీసేసిన షరతు ఒక్కటే. డెరివేషన్‌ను ఒకే వస్తువు పుట్టించాలని పట్టు పట్టకండి, కొన్ని వస్తువుల వరస దాన్ని దగ్గరగా పుట్టిస్తూ పోతే చాలు అన్నారు. చూడ్డానికి చిన్న సడలింపు. అసలు కీలకం ఆ వస్తువుల పరిమాణంలో ఉంది. అవి ఒక హద్దులో ఉంటే వాటికి ఎక్కడో ఒక అవధి దొరుకుతుంది, మళ్లీ పాత ఎమెనబిలిటీకే వచ్చేస్తాం. హద్దు లేకుండా పెరగనిస్తేనే కొత్త సంగతి. అప్రాక్సిమేట్ ఎమెనబిలిటీ అంటే ఇదే. 2007లో గహ్రమానీ, యాంగ్ ఝాంగ్ ఇంకో కోణంలో సూడో ఎమెనబిలిటీ అని మరొకటి పెట్టారు. తర్వాత బౌండెడ్ అప్రాక్సిమేట్, అప్రాక్సిమేట్ వీక్, క్యారెక్టర్ అంటూ చాలా రకాలు బయల్దేరాయి. ఈ పేర్ల జాతరలో కొన్ని పేపరు కోసం పుట్టిన పేర్లేనని అనుకునేవాళ్లూ ఉన్నారు, అది పూర్తిగా అన్యాయమైన మాటేమీ కాదు.

కానీ ఒక ఉదాహరణ దగ్గర ఆగి చూస్తే పస కనిపిస్తుంది. విలువలన్నీ గుర్తుతో పనిలేకుండా కూడితే మొత్తం తేలే అంతులేని పట్టీలు తీసుకుందాం. వాటి పొడవు అంటే ఆ మొత్తమే. రెండు పట్టీల్ని అంకెకు అంకె గుణిద్దాం. గుణకారంలో ఏమీ మార్చని పట్టీ కావాలంటే అన్నీ 1లే ఉండాలి. దాని మొత్తం అనంతం, అందుకని అది ఈ కుటుంబంలోది కాదు. మారుగా మొదటి పది 1లు, మిగతావి 0లు పెట్టుకోవచ్చు, వంద పెట్టుకోవచ్చు, వెయ్యి పెట్టుకోవచ్చు. ఆ పని దాదాపు చేస్తాయి. కానీ వాటి పొడవు 10, 100, 1000 అయి కూర్చుంటుంది, హద్దు దాటిపోతుంది. అందుకే ఈ ఆల్జీబ్రా జాన్సన్ పరీక్షలో తప్పింది. హద్దును పట్టించుకోని సూడో ఎమెనబిలిటీలో నెగ్గింది. మధ్యలో ఉన్న అప్రాక్సిమేట్ పరీక్షలో మళ్లీ తప్పిందని 2006లో డేల్స్, లాయ్, ఝాంగ్ చూపించారు. అంటే ఈ పేర్ల వెనక నిజంగా వేర్వేరు గీతలున్నాయి. గుణకారంలో ఏమీ మార్చని పనిని హద్దు దాటకుండా దాదాపు చేసేవి లేకపోయినా బౌండెడ్ అప్రాక్సిమేట్ పరీక్షలో నెగ్గే ఆల్జీబ్రా ఉంటుందా అన్న ప్రశ్న ఇంకొన్నాళ్లు తేలలేదు. 2012లో గహ్రమానీ, చార్లెస్ రీడ్ అటువంటివి కట్టి చూపించారు. గ్రూపుల ఎల్-1 ఆల్జీబ్రాల విషయంలో మాత్రం ఈ సడలింపులతో ఒరిగిందేమీ లేదు. అప్రాక్సిమేట్ అన్నా, సూడో అన్నా, అక్కడ నెగ్గేది ఎమెనబుల్ గ్రూపులే.

ఇదంతా చదివితే సగట్ల పాత పనివాళ్లకు కొత్తగా తోచదు. సగటు కట్టే బరువుల పట్టిక నమ్మదగినదా కాదా తేల్చే మూడు షరతులు 1911 నాటికే టోప్లిట్జ్ రాసిపెట్టాడు. అందులో ఒకటి, అడ్డువరసల్లో బరువుల మొత్తం గుర్తుతో పనిలేకుండా ఒక హద్దులో ఉండాలన్నది. అది తప్పితే కుదిరిన శ్రేణిని కూడా సగటు చెడగొట్టగలదు. హద్దు ఎక్కడ అవసరం, ఎక్కడ వదిలేయొచ్చు అన్నది వాల్తేరులో శ్రేణుల గురించి అడిగిన ప్రశ్న, విన్నిపెగ్‌లో ఆల్జీబ్రాల గురించి అడిగిన ప్రశ్న. ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారని అనలేం. వీనర్, గెల్ఫాండ్‌ల మీదుగా రెండూ ఒకే ఇంటివి అనడానికి మాత్రం సందేహం అక్కర్లేదు.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పట్టాతో మొదలుపెట్టి సగట్ల దగ్గరే జీవితం గడిపిన మరొకాయన మాలెంపాటి మధుసూదనరావు. 1929లో నిమ్మగడ్డలో పుట్టారు. ఆంధ్రలో బి.ఏ., మద్రాసులో ఎం.ఏ., మినిసోటాలో 1959లో పిహెచ్.డి. తర్వాత కాలిఫోర్నియాలో రివర్‌సైడ్ విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డారు. తెలిసిన కొంత సమాచారాన్ని బట్టి తెలియనిదానికి కట్టే సగటును సంభావ్యతా శాస్త్రంలో కండిషనల్ ఎక్స్‌పెక్టేషన్ అంటారు. బనాక్ స్పేసుల్లో అటువంటి సగట్లను ఏ లక్షణాలతో గుర్తుపట్టాలో ఆయన 1960ల్లోనే రాశారు. ఓర్లిచ్ స్పేసుల మీద ఆయన పుస్తకం ఇప్పటికీ వాడుకలో ఉంది.

2010 ఆగస్టు 19 నుంచి 27 వరకు ప్రపంచ గణిత మహాసభ హైదరాబాద్ ఇంటర్నేషనల్ కన్వెన్షన్ సెంటర్లో జరిగింది. భారతదేశంలో జరగడం అదే మొదటిసారి. నిర్వాహక సంఘానికి అధ్యక్షులు అనంతపురంలో పుట్టిన ఎం.ఎస్. రఘునాథన్. రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ చేతుల మీదుగా ఫీల్డ్స్ మెడల్ అందుకున్న నలుగురిలో ఎలోన్ లిండెన్‌స్ట్రాస్ ఒకడు. మన పేపర్లు ఆయన్ని ఇజ్రాయెల్‌కు తొలి ఫీల్డ్స్ మెడల్ తెచ్చినవాడిగా పరిచయం చేశాయి. 2001లో ఆయన రాసిన పేపరు గురించి ఎవరూ రాయలేదు. కాలం గడిచే కొద్దీ తీసిన సగటు చివరికి ఒక చోట కుదురుతుందని 1931లో బిర్కాఫ్ చెప్పిన సిద్ధాంతాన్ని, కాలానికి బదులు ఏ ఎమెనబుల్ గ్రూపు పెట్టినా నిజమయ్యేలా ఆయన విస్తరించాడు. ఫ్యోల్నర్ చెప్పిన తేలిక అంచు ముక్కల్ని సరిగ్గా ఏరుకోవడమే అందులో కిటుకు. అదే సభలో స్తెఫాన్ వాస్, డేవిడ్ గబొరియో చెప్పిన ఉపన్యాసాల నిండా ఎమెనబుల్ అయినవీ కానివీ అయిన గ్రూపులే. వాల్తేరు నుంచి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చేరే ఊళ్లో ఇది జరిగింది.

మన విశ్వవిద్యాలయాల్లో ఎం.ఎస్సీ. విద్యార్థులు ఏళ్ల తరబడి సిమ్మన్స్ 1963లో రాసిన టోపాలజీ పుస్తకం చదువుతున్నారు. అందులో బనాక్ ఆల్జీబ్రాలున్నాయి, గెల్ఫాండ్ ఉన్నాడు. సరిగ్గా అక్కడితో పుస్తకం అయిపోతుంది. జాన్సన్ 1972లో మొదలుపెట్టిన కథ ఆ తర్వాతి పేజీది. ఆ పేజీ తిప్పించే పాఠ్యక్రమం ఇప్పటికైనా రావాలి, అందులో ‘టిపికల్ మీన్స్’ పేరు కూడా కనిపించాలి.

ఇంకొక మాట. 1940ల్లో, 50ల్లో వాల్తేరులో గణితం చదివినవాళ్ల ఇళ్లలో విజయరాఘవన్, మీనాక్షిసుందరం చెప్పిన పాఠాల నోటుపుస్తకాలు ఎక్కడో ట్రంకుపెట్టెల్లో ఉండే ఉంటాయి. పాత కాగితాల వాడికి వేయకండి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం ఉంది, అక్కడికి చేర్చండి.